మొదటి పిల్లను వదిలిన చెయ్యి

కాళ్ళకు పుత్తూరు కట్టు కట్టిన కోడిపెట్టలను మీలో ఎవరూ చూసి ఉండరు. నేను చూశాను. ఎనభైల మొదట్లో, చిత్తూరులో మా పశువైద్య లాబు బల్ల మీద, ఒక వెదురుగంపలో నాలుగు పెట్టలు. ఒక్కోదానికి ఒక కాలికి సన్నటి వెదురుబద్దలు, వాటిమీద గుడ్డుసొనలో తడిపిన పాతగుడ్డ, ఆకుపసరు వాసన. తెచ్చినవాడు చంద్రగిరి పక్క పల్లెలో కోళ్ళషెడ్డు పెట్టుకున్న రైతు, ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు. బస్సులో ఎవరూ పక్కన కూర్చోనివ్వకపోతే గంప పట్టుకుని మెట్ల మీదే నిలబడి వచ్చానన్నాడు.

"కాళ్ళు ఇరిగినాయి సార్," అన్నాడు. "పోయినేడు నాకు సెయ్యి ఇరిగితే పుత్తూరులో ఎట్ల కట్టినారో మా ఇంటామె సూసింది గదా, అట్లనే కట్టింది. అయినా లెయ్యడం లేదు."

"మరి వీటిని కూడా పుత్తూరుకే తీసుకుపోకపోయావా?" అని అడిగారు మా పెద్ద డాక్టరుగారు.

"పోయినాను సార్. ఆడ తడిమి సూసి, ఎముక బాగుండాది, ఇది మా పని గాదు, డాక్టరుకు సూపించు అన్నారు."

మేం నవ్వాం. నవ్వకుండా ఎలా ఉంటాం? గుడ్డు పెట్టాల్సిన పెట్టకే గుడ్డుసొన పట్టీ వేసిన జిల్లా లోకంలో మాదొక్కటే అయి ఉంటుంది. మా పెద్ద డాక్టరుగారు కోస్తా మనిషి. నోట్లో తాంబూలం ఉండగా నవ్వితే చొక్కా పాడవుతుందని తల పైకెత్తి నవ్వేవారు. ఆ రోజు కూడా అలాగే నవ్వారు.

కొత్తగా మా శాఖలో చేరిన పిల్లలు నా దగ్గరికి వచ్చినప్పుడు, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు చెప్పండి సార్ అంటారు. గుడి ఏనుగుకు వైద్యం చేసిన కథో, చిరుతపులికి కుట్లు వేసిన కథో వస్తుందని ఆశగా కూర్చుంటారు. నాకు మాత్రం ఈ గంపే గుర్తొస్తుంది. చెప్పడానికి ఎందుకో ఇన్నేళ్ళు వెనకాడాను. వయసు మీద పడ్డాక భయాలు తగ్గుతాయంటారు గానీ, ఈ ఒక్క భయం తగ్గలేదు.

నా గురించి కూడా ఒక్క ముక్క చెప్పాలి. మాది తిరుపతిలో తరతరాలుగా గుడి కైంకర్యం చేసుకునే ఇల్లు. నేను పశువైద్యం చదువుతానంటే గోసేవ అనుకుని మా నాయన ఒప్పుకున్నాడు. చచ్చిన కోళ్ళను కోసే ఉద్యోగమని ఇంట్లో చాలాకాలం చెప్పనే లేదు. వారాంతంలో ఇంటికి వెళితే మా అమ్మ పెరట్లో బావి దగ్గరే బట్టలు విప్పించి, తలమీంచి నీళ్ళు పోయించి గానీ గడప దాటనిచ్చేది కాదు. బస్సులో నానాజాతీ తగులుతారని ఆవిడ బాధ. అసలు మైల ఏమిటో తెలిసి ఉంటే ఆ బావినే పూడ్పించి ఉండేది.

కట్లు విప్పాం. ఎముకలు నిక్షేపంగా ఉన్నాయి. కానీ నాలుగు పెట్టలూ బల్లమీద ఒకే తీరుగా పడుకున్నాయి. ఒక కాలు ముందుకు చాపి, ఇంకో కాలు వెనక్కు చాపి. పరుగెత్తుతున్నదాన్ని ఆ పరుగులోనే నేలకు అంటించినట్టు ఉంది. ఒళ్ళు బరువు తగ్గలేదు, మేత పెడితే ముక్కుతో పొడుచుకు తింటున్నాయి. పెద్ద డాక్టరుగారు చూసి, మేతలో విటమిను తక్కువైందన్నారు. అప్పట్లో మా జిల్లాలో కలిపే మేత చూసిన వాళ్ళెవరైనా అదే అనేవాళ్ళు. సీసా ఇచ్చి పంపించాం.

కొన్ని వారాలకు మళ్ళీ వచ్చాడు. ఈసారి ముఖంలో రక్తం లేదు. గంపలోంచి ఒక పెట్టను తీసి దాని తల నా వైపు తిప్పాడు.

"కండ్లు సూడండి సార్."

షెడ్లలో పెంచే గుడ్ల కోడి కన్ను ఎలా ఉంటుందో మీకు తెలుసు. నల్లగుడ్డు చుట్టూ నారింజరంగు వలయం నిప్పులా మెరుస్తుంది. ఈ పెట్ట కంట్లో ఆ రంగు లేదు. వలయమంతా బూడిద. నడిమి నల్లగుడ్డు చిన్నదైపోయి, అంచులు ఎలుక కొరికినట్టు వంకరపోయి ఉంది. దీపం దగ్గరికి తెచ్చినా కదల్లేదు. అయినా ఆ కోడి తల తిప్పుతోంది, చప్పుడు వచ్చిన వైపుకల్లా తిప్పి చూస్తోంది. ఏం చూస్తోందో తెలియదు.

మా అటెండరు తమిళ సరిహద్దు ఊరివాడు. ఉబ్బిన ఎద్దు కళేబరం పక్కన కూర్చుని ఇడ్లీ తినగల మొండిఘటం. అలాంటివాడు ఆ పెట్టను కోసే ముందు రెండు దూదిపింజలు తెచ్చి దాని కళ్ళమీద పెట్టాడు. ఎందుకయ్యా అంటే, "సచ్చిపోయినాక గూడా నన్నే సూస్తా ఉండాది సార్, నావల్ల కాదు," అన్నాడు. ఆ రోజు ఎవరం నవ్వలేదు.

తొడల్లోకి దిగే పెద్ద నరం రెండువైపులా ఒకే లావు ఉండాలి. ఇక్కడ ఒకవైపుది దారంలా ఉంది. రెండోవైపుది పసుపురంగుకు తిరిగి నులకతాడంత లావైంది. కాలేయం నిండా తెల్లటి గడ్డలు. ముక్కలు తీసి, మైనంలో పోసి, పలచగా కోసి, రంగు వేసి సూక్ష్మదర్శిని కింద పెట్టేసరికి మరికొన్ని రోజులు పట్టింది.

ఆ గాజుపలక చూసిన మధ్యాహ్నం నాకు ఇప్పటికీ గుర్తుంది. నేను వెతికింది శత్రువును. నరం పోగుల మధ్య, కాలేయంలో, కంటి పొరల్లో ఎక్కడ చూసినా కిక్కిరిసి ఉన్నవి తెల్లకణాలే. జబ్బు వస్తే ఒంటిని కాపాడటానికి పరుగెత్తుకొచ్చేవి. సంతలో జనంలా ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉన్నాయి.

"లోపల ఎవరున్నారయ్యా?" అని అడిగారు పెద్ద డాక్టరుగారు, తన బల్ల దగ్గరినుంచే.

"అందరూ మనవాళ్ళే సార్," అన్నాను.

ఆయన నమలడం ఆపేశారు. లేచి వచ్చి చాలాసేపు చూశారు. తర్వాత బయటికి వెళ్ళి తాంబూలం ఉమ్మేసి వచ్చి, "విటమిను అన్నది నేనేగా," అన్నారు మెల్లగా.

ఆ జబ్బుకు పుస్తకాల్లో ఒక విదేశీ వైద్యుడి పేరుంది. మా రైతులు కాళ్ళవాతం అనేవారు. పిల్ల పుట్టిన తొలిరోజుల్లో ఊపిరితో పాటు ఆ వైరసు లోపలికి పోతుంది. ముందు ఒక రకం తెల్లకణాలను పాడుచేస్తుంది. అది చూసి రెండో రకం కణాలు పోట్లాటకు వస్తాయి. వచ్చినవాటిలోనే అది దూరి, వాటిని చంపకుండా, చప్పుడు చేయకుండా కూర్చుంటుంది. వాటిలో కొన్నింటికి ఇక ఆగడమనేది తెలియదు. పెరిగి పెరిగి నరాల్లో, కాలేయంలో, కంట్లో కాపురం పెడతాయి. రెండు మూడు నెలలకు కోడి పడిపోతుంది. దాన్ని చంపింది బయటివాడు కాదు, దాని కాపలావాళ్ళే. చదువుకునే రోజుల్లో ఇది ఒక పాఠం. కళ్ళతో చూశాక ఆ పుస్తకం మళ్ళీ తీసి, మందేదైనా రాశారేమోనని వెతికాను.

మందు లేదు. పుట్టిన రోజే వేయాల్సిన టీకా ఒకటి ఉందని చదివాం గానీ, మా పల్లెలకు వచ్చే పిల్లలకు అప్పటికింకా ఎవరూ వేసి పంపేవాళ్ళు కాదు. ఎక్కడినుంచి అంటుకుంటోందో కనుక్కుని దారి మూయడం ఒక్కటే మిగిలింది. నన్ను పల్లెకు పంపించారు.

నేను షెడ్డుకు చేరేటప్పటికి మిట్టమధ్యాహ్నం. కోళ్ళషెడ్డు ఎప్పుడూ ఊరకుండదు. దూరంనుంచే రొద వినపడుతుంది. ఇక్కడ తలుపు తీసేదాకా ఏమీ వినపడలేదు. లోపల వందల పెట్టలు వేరుశనగ పొట్టు మీద పడి ఉన్నాయి, ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కు. నేను అడుగుపెట్టగానే తలలన్నీ ఒక్కసారిగా నా వైపు తిరిగాయి. ఒక్కటీ కూయలేదు. వలకంతల్లోంచి పడే ఎండలో సన్నటి దుమ్ము మాత్రం పైకీ కిందికీ కదులుతోంది. ఆ దుమ్ము మామూలు దుమ్ము కాదని నాకు తెలుసు. ఈకల మొదళ్ళనుంచి రాలే చర్మం పొట్టు అది. వైరసు అందులోనే ఉంటుంది, నెలలపాటు బతుకుతుంది.

ఆ రైతు భార్య మూలన కూర్చుని, లేవలేని పెట్టలకు ఒక్కొక్కదానికీ అరచేతిలో మేత పెడుతోంది. కడుపుతో ఉందని చూడగానే తెలుస్తోంది.

"లేస్తాయా సార్?" అంది.

షెడ్డు మొత్తం ఖాళీ చేసి, పొట్టు కాల్చి, గోడలకు సున్నం కొట్టి, కొన్ని నెలలు ఊరక ఉంచాలని మాత్రం చెప్పాను. అర్థం చేసుకుంది. చేతిలో మేత అయిపోయేదాకా ఆ పెట్టకు పెడుతూనే ఉంది.

ఆ వీధిలో ఇంకో రెండు షెడ్లు తిరిగాను. అక్కడా అదే మౌనం, అదే కళ్ళు. ఊరి చివర రిటైరైన పంతులుగారి షెడ్డు దగ్గరికి వెళితే మాత్రం చెవులు గింగురుమనేంత గోల. ఒక్క పెట్ట కూడా పడలేదు. అదే ఊరు, అదే మేత, ఒకే చోటినుంచి అట్టపెట్టెల్లో వచ్చిన పిల్లలు. పంతులుగారు మజ్జిగ ఇచ్చి, గర్వంగా తన షెడ్డును చూసుకుంటూ అన్నారు:

"నాకే ఆశ్చర్యంగా ఉండాది సార్. మా పిల్లలొచ్చిన పొద్దు ఆయమ్మ మైలలో ఉండె. ఆయమ్మ సెయ్యి పడలేదని మా ఇంట్లో ఒకటే దిగులు. అయినా ఎట్లనో బతికినాయి."

"ఎవరా ఆయమ్మ?" అన్నాను.

ఆయమ్మ ఆ రైతు భార్యకు సొంత అక్క. ఆ ఊళ్ళో మొట్టమొదట కోళ్ళు పెంచింది ఆమే. చెయ్యి మంచిదని పేరు. ఊళ్ళో ఎవరు కొత్తగా పిల్లలు తెచ్చుకున్నా ఆమెను పిలిచి, పసుపు కుంకుమ ఇచ్చి, మొదటి పిల్లను ఆమె చేత్తో షెడ్డులోకి వదిలించాలి. ఆమె ఆ పిల్లను రెండు చేతుల్లో పొదివి పట్టుకుని, కళ్ళకద్దుకుని, పొట్టుమీద వదుల్తుంది. తర్వాతే మిగతా పెట్టెలు విప్పుతారు. చెల్లెలి షెడ్డులో వదిలింది. ఆ పక్క రెండు షెడ్లలో వదిలింది. పంతులుగారి షెడ్డులో వదల్లేదు.

నేను మజ్జిగ గ్లాసు తాగకుండా కింద పెట్టేశాను.

ఆమె ఇల్లు చెల్లెలి ఇంటికి వీధికి అటుపక్క. నలభై దాటిన మనిషి. భర్త బెంగుళూరులో మేస్త్రీ పని, పండగకో పబ్బానికో వస్తాడు. పిల్లలు లేరు. తల్లి పోయాక చెల్లెల్ని ఎత్తుకుని పెంచింది ఈమే. వాకిలి నిండా కోళ్ళు, అన్ని వయసులవీ, ఏళ్ళ తరబడి బతికినవీ. ఈకలు నిగనిగలాడుతున్నాయి. ఊరంతా చచ్చిన కళ్ళు చూసి వచ్చినవాణ్ణి, ఈ ఆరోగ్యం చూసి దడి దగ్గరే ఆగిపోయాను.

"తిరుపతి సామోరంటనే, రాండి సామీ," అంటూ ఈతచాప పరిచింది. "మా కోళ్ళకేం లేదు. మొదట్లో ఎప్పుడో ఒకటీ అరా కాలు పడినాయి. ఇప్పుడు దేవుడి దయ."

నాలుగు పెట్టల ఈకలు పీకి, మొదళ్ళు కత్తిరించి తీసుకుపోయాను. మా లాబులో గాజుపళ్ళెంలో జిగురులాంటి పదార్థం పోసి, చిన్న గుంటలు చేసి, ఒకదాంట్లో ఈక మొదలు, పక్కదాంట్లో పరీక్షరసం వేసి ఉంచుతాం. ఈకలో వైరసు ఉంటే రెండింటి మధ్యా సన్నటి తెల్లగీత పడుతుంది. మర్నాడు పొద్దున వచ్చి మూత తీసేసరికి గీతలు పడి ఉన్నాయి. ఒక్క గుంట కూడా తప్పిపోలేదు. చావని కోళ్ళు, నేడో రేపో పడిపోయే లక్షణం లేని కోళ్ళు. వాటి తెల్లకణాలు ఆ వైరసును గెలవలేదు, తరిమేయలేదు. లోపలే పెట్టుకుని, పడుకోబెట్టి, జీవితాంతం కాపలా కాస్తున్నాయి. అది మాత్రం ఈకల దారిన బయటికి రాలుతూనే ఉంది. ఆమె చీర కుచ్చిళ్ళలో, జుట్టులో, గాజుల సందుల్లో చేరి, పుట్టి ఒక్కరోజైనా గడవని పిల్లల దగ్గరికి నడిచి వెళుతోంది. పసుపు కుంకుమ ఇచ్చి పిలిచినప్పుడల్లా.

మళ్ళీ వెళ్ళి ఆమెకు చెప్పాను. సూటిగానే చెప్పాను. వినేటంతసేపూ రెప్ప వేయలేదు.

"నా సెయ్యేనా సామీ?" అంది చివరకు.

"చెయ్యి కాదమ్మా, దుమ్ము. చేతిదేం తప్పులేదు."

"ఊరు దుమ్మనదు సామీ. సెయ్యే అంటాది." గొంతు తగ్గించి అంది. "మా మరిది, సెల్లి మొగుడు, నిన్ననే అన్నాడు. ఊరందరి కోళ్ళూ సస్తా ఉంటే మీ కోళ్ళు మాత్రం ఎట్ల బాగుండాయి వదినా, అని. నవ్వుతానే అన్నాడు. నాకు నవ్వు రాలా."

ఆమె భయం ఊహ కాదు. చేతబడి అనుమానంతో ఒక ఆడమనిషిని స్తంభానికి కట్టి పళ్ళూడగొట్టిన సంగతి ఆ మధ్యే పక్క తాలూకాలో జరిగింది. ఆ మాటలు ఇంకా బస్సుల్లో తిరుగుతున్నాయి. నేను పంచాయతీలో నిలబడి వైరసు, తెల్లకణాలు అని ఉపన్యాసం ఇస్తే వాళ్ళకు మిగిలేది ఒక్కటే: ఆమె ముట్టినవి చస్తాయి, ఆమెవి బతుకుతాయి. అందులో అబద్ధం కూడా లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఆ ఊరి మూఢనమ్మకమూ నా గాజుపళ్ళెమూ ఒకే మనిషిని వేలెత్తి చూపిస్తున్నాయి.

"ఎవురికీ సెప్పొద్దు సామీ. మా సెల్లికి గూడా. దాని నోట్లో మాట నిలవదు. కొత్త పిల్లలొచ్చే పొద్దుకు నేను ఏదో ఒకటి సేస్తా. ఆ పని నాకు వదిలేయండి."

ఒట్టు వేయించుకుంది. వేశాను. ఆమె ప్రాణం, చెల్లెలి షెడ్డు, రెండూ దక్కే దారి నాకింకోటి కనపడలేదు.

ఆమె ఏం చేసిందో కొన్నాళ్ళకు ఆ మరిదే, మా రైతు, లాబుకు వచ్చి చెప్పాడు. నడివీధిలో చెల్లెలితో రుబ్బురోలు కోసం జగడం పెట్టుకుందట. అమ్మ రోలు నాదంటే నాదని, కొప్పులు పట్టుకునేదాకా పోయిందట. "ఈ ఊళ్ళో ఇంక ఎవురి కోడిపిల్లల్నీ ముట్టను, నన్ను ఎవురూ పిలవబాకండి," అని దుమ్మెత్తి పోసి ఇంట్లోకి పోయిందట. ఊరు పగలబడి నవ్వింది.

"రోలు కోసం సార్!" అన్నాడతను, తలకొట్టుకుంటూ. "తల్లిలాగా సాకిన మనిషి. మా ఇంట్లో ఒకటే ఏడుపు."

కొత్త పిల్లలు వచ్చే రోజు నేనే వెళ్ళాను. షెడ్డు తెల్లగా సున్నం వాసన కొడుతోంది. కొత్త పొట్టు పరిచి, బల్బులు వెలిగించి వెచ్చగా ఉంచారు. జీపులో అట్టపెట్టెలు దిగాయి. కంతల్లోంచి కిచకిచలు. అంతా పద్ధతి ప్రకారం జరిగిందని నేను సంతోషపడుతూ ఉన్నాను. అప్పుడు, నెలలు నిండిన చెల్లెలు ఒక పెట్టెను చంకన పెట్టుకుని గబగబా వీధిలోకి నడిచింది.

"యాడికే?" అని అరిచాడు మొగుడు.

"అక్క సెయ్యి పడకుండా వదల్ను," అంది వెనక్కు తిరగకుండా.

నేను పరుగెత్తాను. అప్పటికే ఆమె అక్క వాకిలి చేరుతోంది. చుట్టుపక్కల వాళ్ళు వేడుక చూడటానికి లేచారు. వాకిట్లో ఎండ, కోళ్ళు కాళ్ళతో తవ్వుతున్న దుమ్ము, దుమ్ములో ఆ అక్క. చేతిలో చాట ఉంది. చెల్లెల్నీ చంకలో పెట్టెనూ చూసి ఆమె ముఖం ఎలా మారిందో నేను తప్ప ఎవరూ గమనించలేదనుకుంటాను. చాట కిందపడేసి లోపలికి పోయి ధడాలున తలుపు వేసింది.

"అక్కా, రోలు నువ్వే తీసుకో. నాకొద్దు. ఒక్క పిల్లను ముట్టు, సాలు. నీ కాళ్ళకు మొక్కుతా." చెల్లెలు దడి తలుపు మీద చెయ్యి వేసింది.

కిచకిచలు విని వాకిట్లో కోళ్ళన్నీ తవ్వడం మానేశాయి. మెడలు చాపి, ఒక్కో అడుగూ వేసుకుంటూ దడి దగ్గరికి వచ్చి వరసగా నిలబడ్డాయి. కదలకుండా ఆ పెట్టె వంకే చూస్తున్నాయి. దడి తలుపు కొంచెం తెరుచుకుంది.

"నా వాకిట్లో అడుగు పెట్టినావంటే నా పీనుగను సూస్తావు!"

తలుపు వెనకనుంచి వచ్చిన ఆ గొంతు మనిషి గొంతులా లేదు. చెల్లెలు చెయ్యి తీసేసింది. నేను ముందుకు పోయి పెట్టెను ఆమె చేతుల్లోంచి తీసుకుని, ఎవరి ముఖమూ చూడకుండా షెడ్డువైపు నడిచాను. ఆ కేసులో నేను చేసిన వైద్యమల్లా అదే.

మొదటి పిల్లను ఏడుస్తూ ఆ చెల్లెలే వదిలింది. పిల్లలు పెరిగాయి, నిలబడ్డాయి, గుడ్లు పెట్టాయి. పక్క షెడ్లూ కోలుకున్నాయి. ఊరి తీర్పు ఏమిటో వినండి. చెల్లెలి చెయ్యి అక్క చేతికంటే మంచిదని తేల్చారు. పసుపు కుంకుమ ఆ ఇంటికి మళ్ళింది. అక్కను ఇంకెవరూ పిలవలేదు. చేతబడి మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. జగడాలమారిని చూసి నవ్వుకుంటారు గానీ ఎవరూ భయపడరు.

నాకు బదిలీ అయింది. ఎనభైలు చివరికొచ్చాక అదే లాబుకు పెద్ద డాక్టరుగా తిరిగొచ్చాను. ఆ సరికి టీకా వేసిన పిల్లలే మా జిల్లాకు రావడం మొదలైంది. పిల్ల పుట్టిన రోజే మెడ దగ్గర చర్మం కింద ఒక చుక్క. వైరసు అప్పటికీ లోపలికి పోతుంది, మానదు. కానీ తెల్లకణాలు ముందే పాఠం నేర్చుకుని ఉంటాయి, దారి తప్పవు. ఈ మాట ఆమెకు నా నోటితోనే చెప్పాలని పనిగట్టుకుని వెళ్ళాను.

జుట్టు నెరిసింది. వాకిట్లో కోళ్ళు తగ్గాయి. వీధికి అవతల, చెల్లెలి ఇంటి అరుగుమీద ఏడెనిమిదేళ్ళ ఆడపిల్ల కూర్చుని మా వైపే చూస్తోంది.

"ఇంక నువ్వు ఎవరి షెడ్డుకైనా పోవచ్చమ్మా. టీకా వచ్చేసింది," అన్నాను.

తల ఊపింది. సంతోషపడుతుందనుకున్నాను. చాలాసేపు తన అరచేతుల వంక చూసుకుంది.

"కోడిపిల్లలకు వచ్చినాది సామీ. మడిసి పిల్లలకు?"

నాకు అర్థం కాలేదు. మనుషులకెందుకమ్మా అన్నాను.

"మీరు ఒట్టేసిన పొద్దు నేనడిగితిని గదా, మడుసులకు గూడా అంటుకుంటాదా అని. మీరేమన్నారు? ఇప్పటిదాకా తెలిసినంతలో రాదు అన్నారు. తెలిసినంతలో అన్నారు. తెలియనిదాంట్లో ఏముండాదో ఎవురికెరుక?" అరుగువైపు చూసింది. "అదిగో, అది మా సెల్లి బిడ్డ. పురిటికి పోలా. ఎత్తుకోలా. సెల్లితో మాటలైతే కలిసినాయి, ఈడ నిలబడి ఆడికి మాట్లాడుకుంటాం. ఆ బిడ్డ పెద్దమ్మా అని వస్తే లోపలికి పోయి తలుపేసుకుంటా. ఇంతవరకు దాని ఒంటిమీద నా సెయ్యి పడలా."

ఆ మాట అన్నట్టు నాకు గుర్తులేదు. కానీ అనే ఉంటాను. మేం అలాగే మాట్లాడతాం. అలా మాట్లాడాలనే నేర్పారు, నేనూ మీలాంటి ఎంతోమందికి అలాగే నేర్పాను. అది తప్పు మాట కాదు. పరీక్షలో రాస్తే ఇప్పటికీ పూర్తి మార్కులు వేస్తాను. ఆ వాకిట్లో కూర్చున్నాకే తెలిసింది. నిజమైన మాటే, ఏ గడ్డా కట్టకుండా, ఏ కాలూ పడకుండా, ఒక మనిషిలో ఇన్నేళ్ళు కూర్చుని ఉంది.

"రాదు," అన్నాను.

"తెలిసినంతలోనా సామీ?"

"రాదమ్మా. ఎప్పటికీ రాదు."

సర్వీసు మొత్తంలో అంత ఖాయంగా నేనన్న మాట అదొక్కటే. ఆమె నా ముఖంలోకి చూసింది, ఎక్కడైనా సందు దొరుకుతుందేమోనని. తర్వాత లేచి తొట్టి దగ్గరికి పోయింది. సబ్బుతో మోచేతులదాకా కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. ఉతికిన తువ్వాలుతో తుడుచుకుంది. నిండు చెంబు పట్టుకున్నట్టు రెండు చేతులూ ఒంటికి ఎడంగా పెట్టుకుని వీధి దాటింది. అరుగుమీది పిల్ల లేచి నిలబడింది. ఇద్దరూ లోపలికి వెళ్ళారు.

నేను అక్కడే నిలబడి చెవులు రిక్కించాను. చాలాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత ఎవరో ఏడ్చారు. అక్కో, చెల్లెలో నాకు తెలియలేదు.